ఏడాదికి తలకు 96 రూపాయలు: ఇస్రో ఖర్చులో ఏది గిట్టుబాటు?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు కేటాయించింది 13,416 కోట్ల రూపాయలు. లెక్క తేలిగ్గా ఉండడానికి జనాభా 140 కోట్లనుకుని పంచితే, తలకు ఏడాదికి 96 రూపాయలు. ఓ మాదిరి హోటల్లో ఒక పూట టిఫిను ఖరీదు. అదే బడ్జెట్‌లో ఎరువుల రాయితీకి పెట్టింది దీనికి పన్నెండు రెట్ల పైమాటే. కేంద్రం ఖర్చు చేసే ప్రతి వంద రూపాయల్లో అంతరిక్షం వాటా పావలా, ఆ పైన ఇంకొక్క పైసా.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు పదిమందిమి ఉన్నాం. చప్పట్లు ఆగకముందే మా పెదనాన్న, "బాగానే ఉంది గానీ, మన కాలువ మీద వంతెన సంగతేమిట్రా?" అన్నారు. గదిలో సగం మంది ఆయన మీద విరుచుకుపడ్డారు. మిగతా సగం తలూపారు. ఆయన అడిగింది తప్పేమీ కాదు. కాకపోతే అంతరిక్షం అనే మాట కింద అరడజను వేర్వేరు సరుకులు ఒకే సంచిలో ఉంటాయి. సంతలో సంచి మొత్తాన్ని చూసి ఖరీదెక్కువని ఎవరూ అనరు. వంకాయ ఎంత, పచ్చిమిరప ఎంత అని విడివిడిగా బేరమాడతారు. ఇక్కడా అదే చేద్దాం. ప్రతి ఖర్చునూ తలకెంత పడిందో రూపాయల్లోకి మార్చి, రెండు ప్రశ్నలు వేద్దాం. ఒకటి, అది రేపు ఆగిపోతే నేల మీద ఎవరి పని ఆగుతుంది? రెండు, మనం చేసుకోకపోతే దాన్ని ఇంకెవరైనా అమ్ముతారా, ఉచితంగా ఇస్తారా?

తుపాను కన్ను

ఈ సరుకు గురించి తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పది వేలమందికి పైగా పోయారు. 1990 మేలో దాదాపు అంతటి తుపానే మళ్లీ కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి మృతులు వెయ్యి లోపు. ఈ రెండింటి మధ్య జరిగిందేమిటంటే, 1983లో ఇన్సాట్-1బి ఆకాశంలోకి చేరింది. అది పైనుంచి మబ్బుల బొమ్మలు తీయడంతో ఆగలేదు. ఎంపిక చేసిన తీర ప్రాంతాల్లో పెట్టెలు అమర్చి, ఉపగ్రహం ద్వారానే వాటిలో సైరన్ మోగించి, ఆ వెంటనే స్థానిక భాషలో హెచ్చరిక వినిపించే ఏర్పాటు చేశారు. టెలిఫోను తీగలు తెగిపోయినా ఆ పెట్టె మోగుతుంది. 1990లో లక్షన్నర మందిని ముందుగానే తరలించగలగడంలో దానికీ వాటా ఉంది.

కథ ఇక్కడితో ఆపేస్తే ఉపగ్రహానికి జై కొట్టి వెళ్లిపోవచ్చు. కానీ 1996 నవంబరు 6 ఉంది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటికి ఉపగ్రహం లేదా అంటే ఉంది. అది చిన్న తుపానే, కానీ తీరానికి దగ్గరగా వచ్చి బలం పుంజుకుంది. అప్పటికే వేటకు వెళ్లిపోయిన పడవలకు కబురు అందించే దారి లేదు. పైనుంచి చూసే కన్ను ఉండి, కింద చెప్పే నోరు లేకపోతే ఏమవుతుందో ఆ రాత్రి చూశాం. 2014లో హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చినా మృతుల సంఖ్య వందలోపే ఉంది. అందులో ఉపగ్రహంతో పాటు తీరంలోని డాప్లర్ రాడార్లకు, తుపాను షెల్టర్లకు, లౌడ్‌స్పీకరు పట్టుకుని ఊళ్లు తిరిగిన రెవెన్యూ సిబ్బందికి కూడా వాటా ఇవ్వాలి. "ఇస్రో ఇన్ని ప్రాణాలు కాపాడింది" అని ఒక్కరి ఖాతాలో రాసేవాళ్లను చూస్తే నాకు కాస్త చిరాకు.

రెండో ప్రశ్న వేద్దాం. వాతావరణ బొమ్మలు బయట దొరకవా? దొరుకుతాయి. హిందూ మహాసముద్రం మీద యూరప్‌వాళ్ల మెటియోశాట్ 1998 నుంచి ఒక కన్ను వేసే ఉంది. బొమ్మల్ని ఉచితంగానే పంచుతారు. మరి మనకెందుకు? తుపాను తీరానికి దగ్గరవుతున్న ఆఖరి గంటల్లో, మనకు కావలసిన చోటునే నిమిషాల తేడాతో మళ్లీ మళ్లీ చూడమని ఇన్సాట్-3డిఆర్‌కు మనం ఆదేశం ఇవ్వగలం. పొరుగువాడి కెమెరాకు అలా చెప్పలేం. 2024 ఫిబ్రవరిలో ఎగిరిన ఇన్సాట్-3డిఎస్ ఖర్చు మొత్తం కేంద్ర భూ విజ్ఞాన శాఖ భరించింది. అది నాకు నచ్చిన పద్ధతి. వాడుకునేవాళ్లే డబ్బు పెడితే అక్కరలేనిది ఎగరదు.

సరంగు చేతిలో కాగితం

ఇదే వర్గంలో ఇంకో సరుకుంది. టీవీలో రాదు కాబట్టి ఎక్కువమందికి తెలియదు. హైదరాబాద్‌లో సముద్రం లేదు గానీ, దేశానికంతటికీ సముద్రం కబుర్లు చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నది ఆ నగరంలోనే. చేపలు దొరికే అవకాశమున్న చోట్ల జాబితాను అక్కడినుంచి తెలుగు సహా తీర భాషల్లో విడుదల చేస్తారు. ఓషన్‌శాట్ ఉపగ్రహం నీటి రంగును బట్టి అందులో నాచు ఎంతుందో కొలుస్తుంది. మరో ఉపగ్రహం నీటి పైపొర వేడిని కొలుస్తుంది. చల్లని నీరూ వెచ్చని నీరూ కలిసే అంచుల్లో నాచు పెరుగుతుంది, నాచును వెతుక్కుంటూ చిన్న చేపలు, వాటి వెనక పెద్దవి చేరతాయి. ఇదే దాని మూలసూత్రం.

ఆ సూచన చూస్తే రైల్వే టైమ్‌టేబుల్ గుర్తొస్తుంది. ఏ ఊరి తీరం నుంచి, ఏ దిక్కున, ఎన్ని డిగ్రీల కోణంలో, ఎన్ని కిలోమీటర్లు పోవాలి, అక్కడ లోతు ఎన్ని మీటర్లు, అంతే. కవిత్వం ఏమీ ఉండదు. డీజిలూ ఐసూ అప్పు మీద తెచ్చుకుని వేటకు బయల్దేరే మరపడవ సరంగుకు మాత్రం ఆ వరుసలో ఉన్నది వట్టి అంకెలు కావు. వెతుకులాట ఎంత తగ్గితే అంత డీజిల్ మిగులు. లోపాలూ ఉన్నాయి. మబ్బు కమ్మితే ఈ రెండు ఉపగ్రహాలకూ కింద నీళ్లు కనబడవు, ఆ రోజు సూచన ఉండదు. పెద్ద మరపడవలకు ఉపయోగపడినంతగా తీరం వెంట తిరిగే చిన్న నాటుపడవకు ఉపయోగపడదు.

1996లో లేని నోరు ఇప్పుడిప్పుడే వస్తోంది. 2024 ఆగస్టులో కేంద్రం తీర రాష్ట్రాల్లో లక్ష వేట పడవలకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహంతో కబురు నడిపే పెట్టెలు, అమర్చే పథకం మొదలుపెట్టింది. ఖర్చు 364 కోట్లు, అంటే తలకు రెండు రూపాయల అరవై పైసలు. ఫోను సిగ్నల్ అందని నడిసముద్రంలో కూడా ఉపగ్రహం ద్వారా ఇరువైపులా కబురు నడుస్తుంది. నన్నడిగితే అంతరిక్షం పేరు మీద మనం పెట్టిన ఖర్చుల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు. దీనికి శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ ఉండదు కాబట్టి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

చంద్రుడూ అంగారకుడూ

పెదనాన్న కోపం నిజానికి వీటి మీద. ఖర్చు చూద్దాం. 2008 నాటి చంద్రయాన్-1కు 386 కోట్లు. 2013లో బయల్దేరిన మంగళయాన్‌కు 450 కోట్లు, తలకు మూడు రూపాయల పైచిలుకు. చంద్రయాన్-3కు 615 కోట్లు, తలకు నాలుగు రూపాయల నలభై పైసలు, అదీ ఒక్కసారే. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేకు 2009 నాటి ధరల్లో దాదాపు ఇంతే అయింది. కాబట్టి చంద్రయాన్ ఆపితే ఒక వంతెన వస్తుందన్న మాట నిజమే. వచ్చేది మాత్రం ఒక్కటే. పల్లెపల్లెకూ వంతెన రాదు.

ఇప్పుడు పెదనాన్న మీద విరుచుకుపడ్డ పక్షం వాళ్లను కాస్త చురుక్కుమనిపిస్తాను. మంగళయాన్ హాలీవుడ్ సినిమా కంటే చవక, కిలోమీటరుకు ఆటో చార్జీ కంటే తక్కువ అని అప్పట్లో ఊదరగొట్టారు. చవకగా వచ్చిందని కొన్న ప్రతిదీ లాభం కాదని చీరల దుకాణం నుంచి వచ్చిన ఎవరికైనా తెలుసు. మంగళయాన్ మోసుకెళ్లిన శాస్త్ర పరికరాలు ఐదు, అన్నీ కలిపి పదిహేను కిలోలు. వాటిలో అందరూ ఎదురుచూసిన మీథేన్ పరికరం రూపకల్పనలోని లోపం వల్ల మీథేన్‌ను కొలవలేకపోయింది. తొలి ప్రయత్నంలోనే అంగారక కక్ష్యలోకి చేరడం, ఆరు నెలలకని పంపితే 2022 దాకా పనిచేయడం ఇంజినీరింగ్‌లో పెద్ద విజయం. శాస్త్రంలో మాత్రం ఫలితం అంతంతమాత్రం. ఈ రెండు మార్కుల్నీ విడివిడిగా వేయాలి.

దానితో పోలిస్తే చంద్రయాన్-1 మేలైన బేరం. చంద్రుడి నేలలో నీటి జాడను పట్టింది అందులోని నాసా పరికరం. మన నౌకలో వాళ్ల పరికరానికి చోటిచ్చాం, కనుగొన్న ఘనతలో ఇద్దరికీ చోటు దక్కింది. చంద్రయాన్-3 పనిచేసింది ఒక్క చంద్ర పగలే, అంటే మన లెక్కలో పద్నాలుగు రోజులు. అయినా చిన్న మేకులాంటి ఒక పరికరాన్ని మట్టిలోకి దింపి చూస్తే పైన యాభై డిగ్రీల వేడి, ఎనిమిది సెంటీమీటర్ల లోతున సున్నాకు పది డిగ్రీల కిందికి చలి. జానెడు కూడా లేని మందంలో అరవై డిగ్రీల తేడా. అంత దక్షిణాన ఆ నేలలో పుల్ల గుచ్చి చూసినవాళ్లు అంతకుముందు లేరు.

మొదటి ప్రశ్న వేస్తే చంద్రయాన్ ఓడిపోతుంది. అది ఆగితే నేల మీద ఎవరి పనీ ఆగదు. రెండో ప్రశ్నకు మాత్రం నెగ్గుతుంది. ఇతర గ్రహాలకు నౌకను నడిపించే నేర్పును ఎవరూ అమ్మరు. ఖర్చు తలకు నాలుగు రూపాయలైతే, నాలుగైదేళ్లకొకసారి పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. షరతు ఒక్కటే: జెండాకంటే పరికరాల బరువు ఎక్కువుండాలి.

మనిషిని పంపడం

ఇక్కడ నేను ఆగుతాను. గగన్‌యాన్‌కు 2018లో అనుమతించింది 9,023 కోట్లు. 2024 సెప్టెంబరులో భావి అంతరిక్ష కేంద్రం తొలి భాగాన్నీ కలిపి ఆ మొత్తాన్ని 20,193 కోట్లకు పెంచారు. తలకు 144 రూపాయలు. ముప్పై చంద్రయాన్-3లు అందులో ఇమిడిపోయి, ఇంకా మిగులుతుంది. 2022 నాటికి మనిషి ఎగురుతాడన్నారు. ఆ ఏడాది దాటిపోయి చాలా కాలమైంది.

ఆలస్యాన్ని నేను తప్పుపట్టను. మనిషి కూర్చునే డబ్బా విషయంలో తొందరపడేవాళ్లను నమ్మకూడదు. నా పేచీ వరుస మీద. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో వెళ్లొచ్చారు, దేశం పొంగిపోయింది, ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఇంకెవరూ వెళ్లలేదు. అమెరికా సంగతి ఇంకా పెద్దది. 1966లో తమ కేంద్ర ఖర్చులో నూటికి నాలుగు డాలర్లకు పైగా నాసాకు పోశారు, చంద్రుడి మీద పన్నెండుమందిని నడిపించారు. 1972 డిసెంబరు తర్వాత మళ్లీ అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు. పరుగు పందెం కోసం పెట్టిన ఖర్చు గీత దాటగానే ఆగిపోతుంది. 2025 జూన్‌లో శుభాంశు శుక్లా డబ్బు చెల్లించిన సీటులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి పద్దెనిమిది రోజులు గడిపి వచ్చారు. అంటే తొలి అనుభవాన్ని కొనుక్కునే దారి ఉందన్నమాట.

గగన్‌యాన్ సమర్థకులు చెప్పే మాటల్లో ఒకటి మాత్రం బరువైనది. మనిషిని మోయగలిగేంత నమ్మకంగా రాకెట్‌ను తీర్చిదిద్దితే, ఆ క్రమశిక్షణ మిగతా ప్రయోగాలకూ అబ్బుతుంది. నిజమే. అయితే 2025 మేలో ముప్పై ఏళ్ల అనుభవమున్న మన పీఎస్ఎల్‌వీ రాకెట్ మూడో దశలో తడబడి ఉపగ్రహాన్ని పోగొట్టుకుంది. ఆ క్రమశిక్షణ ముందు అక్కడ కావాలి.

దారి చూపే ఉపగ్రహాలు

జీపీఎస్‌లా దారి చూపే మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ విషయంలో నా అభిప్రాయం కాస్త మెలికగా ఉంటుంది. మీ ఫోనులోని పటానికి అమెరికా, రష్యా, యూరప్, చైనాల సంకేతాలు నాలుగూ ఉచితంగా వస్తున్నాయి. రెండో ప్రశ్నకు ఇది ఓడినట్టే. కానీ ఉచితం వేరు, హక్కు వేరు. అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ సాంకేతికతను రష్యా ఇస్తానని ఒప్పుకున్నాక అమెరికా ఒత్తిడితో 1993లో వెనక్కి తగ్గింది. మన సొంత క్రయోజెనిక్ దశతో రాకెట్ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరిలో. రెండు దశాబ్దాలు పోయాయి. అందుకని సొంత దారి ఉండాలన్న వాదన నాకు నచ్చుతుంది.

నచ్చనిది అమలు. ఏడు ఉపగ్రహాల వ్యవస్థకు 2006లో అనుమతించింది 1,420 కోట్లు, తలకు పది రూపాయలు. ఈ వ్యవస్థకు ప్రాణం అణు గడియారం. సెకనులో పది లక్షలో వంతు తప్పినా నేల మీద మూడు వందల మీటర్ల తేడా వస్తుంది. విదేశాల నుంచి తెచ్చిన ఆ గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. 2017లో బదులుగా పంపిన ఉపగ్రహం రాకెట్ ఉష్ణకవచం తెరుచుకోక లోపలే ఉండిపోయింది. 2023లో సొంత గడియారంతో కొత్త తరం మొదలైంది. 2025 జనవరిలో శ్రీహరికోట నూరో ప్రయోగంలో వెళ్లిన తర్వాతి ఉపగ్రహం కవాటం తెరుచుకోక కోరిన కక్ష్యకు చేరలేదు. సగం కట్టి వదిలేసిన ఇల్లు లాంటిది ఇది. కట్టడానికి పెట్టిందీ పోయింది, అద్దె కట్టడమూ తప్పలేదు. పూర్తి చేయాలి, లేదా మానేయాలి. నేనైతే పూర్తి చేయమంటాను.

టీవీ, ఇంటర్నెట్ ఉపగ్రహాలకు ఇక ప్రభుత్వ డబ్బు అక్కరలేదు. 1975-76లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు చూపించిన ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అప్పుడు అది అవసరం. ఇప్పుడు అది గిరాకీ ఉన్న వ్యాపారం, వాడేవాళ్లు చెల్లిస్తారు.

విదేశీ ఉపగ్రహాల్ని ఎగరేసి సంపాదిస్తున్నాం కదా అంటారు. 2015 నుంచి 2024 దాకా పదేళ్లలో 393 విదేశీ ఉపగ్రహాల్ని పంపాం. వచ్చిన ఆదాయం డాలర్లూ యూరోలూ కలిపి నాలుగు వేల కోట్ల రూపాయల లోపే, ఒక్క ఏడాది బడ్జెట్‌లో మూడో వంతు కూడా కాదు. మంచిదే, కానీ ఇంటి ఖర్చు దాంతో గడవదు. ఈ వాదనతో ఇస్రోను సమర్థించేవాళ్లు దానికి మేలు చేయడం లేదు.

లెక్కకు రాని ఖర్చు ఒకటుంది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవి 1969లో ఎంపికయ్యేనాటికి ఖాళీగా లేదు. యానాదులు అక్కడి అడవి మీదా నీటి మీదా బతికేవారు. దేశానికి రాకెట్ కేంద్రం వచ్చింది, వాళ్లకు ఊరు పోయింది. సూళ్లూరుపేట మీదుగా ప్రయోగం చూడ్డానికి వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే. తలకు 96 రూపాయల లెక్కలో ఇది ఎక్కడా కనబడదు.

నా చేతికిస్తే

నా 96 రూపాయల్ని నేను పంచితే ఇలా ఉంటుంది. వాతావరణం, సముద్రం, భూమి చూసే ఉపగ్రహాలకు 30. ఆ సమాచారాన్ని సరంగు దాకా, రైతు దాకా చేర్చే కింది పనికి 10. రాకెట్లకు 24, ఎందుకంటే అవి లేకుండా మిగతావేవీ లేవు. నావిక్ పూర్తి చేయడానికి 12. చంద్రుడూ అంగారకుడూ సూర్యుడూ అన్నీ కలిపి 8. గగన్‌యాన్‌కు మిగిలిన 12, అంటే నెమ్మదిగా నడిచేంత. మీ ఊరు తీరానికి దూరమైతే, మీకు బోరు ఎక్కడ తవ్వాలన్నదే బెంగ అయితే, భూగర్భ జలాల పటాల వైపు ఇంకొన్ని రూపాయలు జరుపుకోండి. వాటిని తయారు చేసింది బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రమే. మీ పిల్లలు అంతరిక్ష ఇంజినీర్లు కావాలనుకుంటే నా 8ని 12 చేసుకుంటారు, నేను వాదించను.

ఒక్క చోట మాత్రం వాదిస్తాను. 2025 మే 18న పీఎస్ఎల్‌వీతో పాటు పోయినది ఈఓఎస్-09, మబ్బుల్లోంచి, రాత్రి చీకట్లోంచి కూడా నేలను చూడగల రాడార్ ఉపగ్రహం. రెండు నెలలకు నాసాతో కలిసి చేసిన నిసార్ ఎగిరింది. అందులో మన వాటా 788 కోట్లు, తలకు ఐదు రూపాయల అరవై పైసలు. నాసా పెట్టింది దానికి ఎన్నో రెట్లు. పన్నెండు రోజులకొకసారి భూమి మీద ప్రతి చోటికీ తిరిగి వచ్చి చూస్తుంది, సమాచారం అందరికీ ఉచితం. బేరంగా చూస్తే దీన్ని మించినది లేదు. కానీ గోదావరికి వరద వచ్చి భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున మబ్బు కమ్మే ఉంటుంది, ఏ లంక మునిగిందో ఆ సాయంత్రానికే తెలియాలి. పన్నెండు రోజులకొకసారి వచ్చే చుట్టం అందుకు సరిపోడు. పోయిన ఉపగ్రహానికి బదులు ఇంకొకటి ఎప్పుడు ఎగురుతుందన్నది నేను ప్రతి బడ్జెట్‌కూ వెతికే మొదటి వార్త. గగన్‌యాన్ తేదీ ఆ తర్వాతే చూస్తాను.